కంప్యూటర్ లేకుండా, పాత పద్ధతిలో స్కేట్‌బోర్డు పత్రిక తయారుచేయడం ఎలా?

అడిగినవారు: కోట పక్క కుర్రాడు, విజయనగరం

మేము ఆరుగురం మిత్రులం సాయంత్రాలు స్కేట్‌బోర్డు నేర్చుకుంటున్నాము. 1980ల ప్రారంభంలో అమెరికాలో ఈ ఆటకు ఆదరణ తగ్గిన కాలంలో, అక్కడి కుర్రాళ్లు తామే రాసి, కత్తిరించి, అతికించి, జిరాక్సు తీసి చిన్న పత్రికలు పంచుకునేవారని చదివాను. అదే తీరులో 16 పేజీల సంచికను 50 ప్రతులు వేద్దామనుకుని మొదటి నమూనా చేశాము. ఫొటోలన్నీ జిరాక్సులో నల్లటి మరకలయ్యాయి. మడిచి చూస్తే రెండో పేజీ తరువాత ఐదో పేజీ వచ్చింది, నాలుగో పేజీ వెనుక అట్ట మీద తేలింది. ఎక్కడ పొరపాటు చేశామో పెద్దలెవరైనా చెప్పగలరా?

జవాబు: పాత సైక్లోస్టైల్, శ్రీకాకుళం

బాబూ, మీ ఆట నాకు తెలియదు కానీ, మీ పేజీల చిక్కు మాత్రం నాకు బాగా తెలిసినదే. మీరు ఒక్కొక్క కాగితానికి వరుసగా నాలుగేసి పేజీలు వేసి, తరువాత నాలుగు కాగితాలను ఒకదానిలో ఒకటి దూర్చారు. అలా కాదు. ముందుగా నాలుగు తెల్ల ఏ4 కాగితాలను కలిపి మడిచి, పుస్తకంలా తిప్పుతూ పెన్సిలుతో 1 నుంచి 16 వరకు అంకెలు వేసి, ఆ తరువాత విప్పి చూడండి. పైకాగితానికి ఒక వైపు 16, 1 పక్కపక్కన ఉంటాయి. రెండో వైపు 2, 15 ఉంటాయి. ఏ జత కలిపినా 17 రావాలి. ఆ డమ్మీని బల్ల మీద పెట్టుకోకుండా జిగురు సీసా మూత తీయకండి.

1980లలో మా మిత్రబృందం పత్రికను సైక్లోస్టైల్ మీద తీసేవాళ్లం. మైనం పూసిన స్టెన్సిల్ కాగితం మీద ఇనుప ములికితో రాస్తే, గీత పడినచోట మైనం తొలగి సిరా దిగేది. మన లిపి గుండ్రనిది కనుక, చేయి కాస్త బరువుగా పడితే సున్నా మొత్తం ఊడిపోయి, దాని స్థానంలో ఒక నల్లటి బొట్టు అచ్చయ్యేది. ఆ బొట్ల కారణంగా మా కవి ఒకరు నాతో నెల రోజులు మాట్లాడలేదు.

జవాబు: గంటస్తంభం నీడ, విజయనగరం

పెద్దాయన చెప్పిన పేజీల లెక్క సరైనది. ఫొటోల సంగతి నేను చెబుతాను. పాత జిరాక్సు యంత్రానికి నలుపు, తెలుపు బాగా తెలుసు కానీ, మధ్యనున్న బూడిద రంగులు సరిగా పట్టుబడవు. అచ్చు పత్రికలలో ఫొటోను స్క్రీన్ గుండా చిన్న చిన్న చుక్కలుగా మార్చిన తరువాతే అచ్చువేసేవారు. అందుకే పేపరు నుంచి కత్తిరించిన బొమ్మ మీ ఫొటో కంటే మెరుగ్గా వస్తుంది.

మీకు రెండు మార్గాలున్నాయి. ఒకటి, కెమెరాను నేలకు దగ్గరగా పట్టుకుని, ఆకాశం వెనుక ఉండేలా తీయడం. అప్పుడు మనిషి, బోర్డు నల్లటి ఆకారంగా స్పష్టంగా నిలుస్తాయి. 400 వేగం గల ఫిల్ము, సెకనులో 500వ వంతు షట్టరు ఉంటే ఎగిరిన బోర్డు చెదరదు. రెండోది, నా దృష్టిలో మెరుగైనది, ఫొటో మీద బటర్ పేపరు పరిచి నల్ల ఇండియన్ ఇంకుతో గీత బొమ్మ తీయడం. ఆలీ, అంటే బోర్డుతో సహా గాలిలోకి ఎగిరే విన్యాసం, నేర్పాలంటే వంగడం, వెనుక కొసను తన్నడం, ముందు పాదాన్ని జరపడం, దిగడం అనే నాలుగు గీత బొమ్మలు ఏ ఫొటో కంటే బాగా పనిచేస్తాయి.

ప్రతి పేజీని ఏ4 సైజులో తయారుచేసి 71 శాతానికి తగ్గించి తీయిస్తే సరిగ్గా సగం కాగితానికి సరిపోతుంది, చేతిరాతలోని వణుకు కూడా తగ్గుతుంది. అతికించిన ముక్కల అంచులు నీడగీతలుగా పడతాయి కనుక వాటికి తెల్ల వైట్నర్ పూయండి. చుట్టూ ఒక సెంటీమీటరు ఖాళీ వదలండి. 1981 జనవరిలో శాన్ ఫ్రాన్సిస్కోలో మొదలైన స్కేట్‌బోర్డు పత్రిక ‘థ్రాషర్’ కూడా తొలినాళ్లలో న్యూస్‌ప్రింటు మీదే వచ్చింది కనుక, ముతక కాగితానికి సిగ్గుపడనక్కరలేదు.

అడిగినవారు: కోట పక్క కుర్రాడు

ధన్యవాదాలండీ. డమ్మీ చేశాము, జతలన్నీ 17 అయ్యాయి. మా స్టేప్లరు మాత్రం మడత వరకు అందడం లేదు.

జవాబు: పాత సైక్లోస్టైల్

స్టేప్లరును పూర్తిగా విప్పి, కాగితాల కింద మెత్తటి అట్ట పెట్టి గుచ్చండి. బయటికి వచ్చిన కాళ్లను చెంచా వెనుక భాగంతో వంచండి. లేదా మడత మీద మూడు రంధ్రాలు చేసి, గట్టి దారంతో మధ్య రంధ్రం నుంచి మొదలుపెట్టి అక్కడే ముడివేయండి. 50 ప్రతులే కదా, ఒక మధ్యాహ్నం చాలు.