రికార్డులోంచి శిక్ష తీసేయడాన్ని "కేసు కొట్టివేత" అనొచ్చా?

చిన్న డౌటండీ. ఒక వ్యాసం తెలుగు చేస్తున్నా, అందులో ఎక్స్‌పంజ్‌మెంట్ అని మాటిమాటికీ వస్తోంది, అంటే చిన్న నేరానికి శిక్ష పడి ఫైన్ కట్టేసి కొన్నేళ్లు గడిచాక దాన్ని ఆ మనిషి రికార్డులోంచి తీసేయడం. "కేసు కొట్టివేత" అని రాసేస్తే సరిపోతుందా?

– వద్దండీ ప్లీజ్. కేసు కొట్టేశారంటే కేసు నిలబడలేదని కదా మనకి అర్థమయ్యేది, ఇక్కడ నేరం రుజువై శిక్ష కూడా అయిపోయింది, ఆ తర్వాత మచ్చ తీస్తున్నారు. ఇది ఊరికే మాటల పట్టింపు కాదు, ఫైన్ కట్టొచ్చిన కుర్రాడికి ఎవరో "నీ కేసు కొట్టేశార్లే" అంటే నమ్మేసి ఉద్యోగం ఫారంలో "ఎప్పుడైనా శిక్ష పడిందా" అన్న చోట "లేదు" అని రాస్తాడు, వెరిఫికేషన్‌లో బయటపడితే చేసిన తప్పు కన్నా దాచడమే పెద్దదై కూర్చుంటుంది. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇదే, అడిగితే నిజం రాయాలి, కాకపోతే చిన్న వయసులో నినాదాలు చేయడం లాంటి అల్పమైన కేసైతే దాచినా మన్నించే విచక్షణ యజమానికి ఉంటుంది అంది.

– మరి "చెరిపివేత"?

– అదీ అన్నిచోట్లా కుదరదండీ. జైలుకి పంపకుండా మంచి నడవడి షరతు మీద వదిలిపెట్టే మన 1958 ప్రొబేషన్ చట్టంలో 12వ సెక్షన్, దోషిగా తేలినందువల్ల వచ్చే అనర్హతని మాత్రమే తీసేస్తుంది, దోషి అన్న తీర్పు అలాగే ఉంటుంది. బాలల విషయంలో 2015 చట్టం 24వ సెక్షన్ కొన్ని ఘోర నేరాలు తప్ప మిగతా రికార్డు నాశనం చేసేయమంటుంది, అది అసలైన చెరిపివేత. బ్రిటన్‌లో 1974 చట్టం ప్రకారం కొన్నాళ్లకి శిక్ష "స్పెంట్" అవుతుంది, మామూలు ఉద్యోగాలకి చెప్పక్కర్లేదు, దానికి "కాలం చెల్లిన శిక్ష" బాగుంటుంది. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం 2018 చట్టం పేరు క్లీన్ స్లేట్, పేరుకి పలక తుడవడమే గానీ చేసేది సీల్ వేయడం, జనానికి కనబడదు, పోలీసులకి కనబడుతుంది.

అసలు ఎక్స్‌పంజ్ అన్న మాటకి లాటిన్‌లో మూలార్థం పొడవడం. పాత రాతప్రతుల్లో తప్పు పడిన అక్షరం కింద చుక్క పెట్టేవాళ్లు, చదివేవాడు దాన్ని వదిలేయాలని గుర్తు, అక్షరం మాత్రం అక్కడే ఉండేది.

– మా వ్యాసంలో ఫైలే నాశనం చేస్తారని స్పష్టంగా ఉందండీ.

– అయితే "శిక్ష రికార్డు చెరిపివేత" అని రాసేయండి. "శిక్ష" మాత్రం వదలొద్దు.