బరంపురంలో అంబపువా వైపు ఇల్లు కొనొచ్చా?

ఆయన ఉద్యోగం వల్ల పలాస నుంచి బరంపురం మారిపోతున్నాం. అంబపువా వైపు ఒక పాత డాబా ఇల్లు చూశాం, ధర మాకు అందుబాటులోనే ఉంది. టెన్షనంతా కాగితాల గురించే. ఒడిశా భూరికార్డుల సైటు భూలేఖ్‌లో పట్టా తీస్తే మొత్తం ఒడియా! తెలిసినాయన చదివి, కిసం (భూమి రకం) దగ్గర 'ఘరబారి' (ఇంటి స్థలం) కాదు, 'శారద' అని ఉందన్నారు. అంటే వరి పొలమే కదా? ఇల్లు కట్టేసి ఉన్నా కన్వర్షన్ (రికార్డులో ఇంటి స్థలంగా మార్పించడం) కావాలా? అమ్మేవాళ్ళే చేయించి ఇవ్వాలా, కొన్నాక మేం చేయించుకోవచ్చా? ఇలా ఉంటే బ్యాంకు లోను వస్తుందా? బ్రోకరేమో "ఏం కాదమ్మా" అంటున్నాడు, నాకు ఆ మాటకే భయం.

2013 పైలిన్ తుఫానుకి అటు నీళ్ళు నిలిచాయా? మా అత్తయ్యగారికి తెలుగు తప్ప రాదు, పలకరించడానికి ఇరుగుపొరుగున మనవాళ్ళు ఉంటారా? అక్కడ ఉంటున్నవాళ్ళు కాస్త చెప్పండి, అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు.