అప్‌డేట్: డబుల్ ట్రైలర్ లేన్ చేంజ్ టెస్టులో వెనక ట్రైలర్ రీడింగ్ ఎక్కువ రావడం – కారణం దొరికింది

పుల్లర్ (ముందుండి లాగే ట్రక్కు), దాని వెనక డాలీతో (రెండో ట్రైలర్ ముందు భాగాన్ని మోసే చిన్న చక్రాల బండి) కలిపిన రెండు ట్రైలర్లు. లేన్ చేంజ్‌లో రియర్‌వర్డ్ యాంప్లిఫికేషన్ (పుల్లర్ పక్క త్వరణానికి వెనక ట్రైలర్‌ది ఎన్ని రెట్లో చెప్పే నిష్పత్తి) 2.5 వస్తోంది, ఎందుకని ఇంతకుముందు అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. రోల్ (బాడీ పక్కకి ఒరగడం) చూడమన్న సలహానే పనిచేసింది.

వెనక ట్రైలర్‌లో పక్క త్వరణం కొలిచే సెన్సర్ బాడీ మీద ఉంది. బాడీ 4 డిగ్రీలు బయటికి ఒరిగితే చాలు, గురుత్వాకర్షణ వాటా 0.07 జీ (జీ అంటే గురుత్వ త్వరణం) దాకా రీడింగులో కలిసిపోతుంది. పుల్లర్ సెన్సర్ ముందు యాక్సిల్ మీద కాబట్టి దానికా బెడద లేదు. గైరో (తిరుగుడు కొలిచే సెన్సర్) ఇచ్చిన రోల్ యాంగిల్‌తో సరిచేస్తే 0.38 జీ కాస్తా 0.31 అయింది. పుల్లర్‌ది 0.15, అంటే అసలు నిష్పత్తి 2.1.

టైర్ గాలి, ఫిఫ్త్ వీల్ (ట్రైలర్ కూర్చునే కప్లింగ్ ప్లేటు) గ్రీజు: ఏ తేడా లేదు. డాలీ హుక్‌లో ప్లే (వదులు) కూడా లేదని ఆటోనగర్ మెకానిక్ విప్పి చూసి తేల్చాడు. స్టీరింగ్ ఫ్రీక్వెన్సీ (స్టీరింగ్ ఎంత త్వరగా అటూఇటూ తిప్పుతామో అది) మాత్రం మార్చి మార్చి చూడండి, నిష్పత్తి పీక్ ఒకేచోట దొరకదు. 2.1 కూడా తక్కువేం కాదు లెండి, అవుట్‌రిగ్గర్లు (బోల్తా పడకుండా పక్కలకి బిగించే ఆసరాలు) తీయట్లేదు.