జూనోక్యామ్ ముడి ఫొటో కలిపితే అతుకుల దగ్గర అంచులు రెండుగా వస్తున్నాయి, రంగులూ తేడాగా ఉన్నాయి. ఎవరైనా చూసి చెప్తారా?

నడిరాత్రి_నక్షత్రం

అందరికీ నమస్తే. మాది అనంతపురం వైపు, ఉద్యోగం బెంగళూరులో, మారతహళ్లిలో పీజీలో ఉంటున్నాను. నెల రోజులుగా రాత్రిళ్లు నాసా అంతరిక్షనౌక జూనో తన జూనోక్యామ్ కెమెరాతో తీసి పంపిన గురుగ్రహం ఫొటోలతో కుస్తీ పడుతున్నాను. ఒకచోట గట్టిగా ఇరుక్కుపోయాను, తెలిసినవాళ్లు దారి చూపిస్తారని రాస్తున్నా.

మిషన్ సైటు నుంచి ముడి ఫైలు దించుకుంటే నలుపు తెలుపులో నిలువునా బాగా పొడుగాటి పట్టీ వస్తుంది కదా, 1648 పిక్సెళ్ల వెడల్పుతో. అందులో 128 పిక్సెళ్ల ఎత్తున్న ముక్కలు నీలం, ఆకుపచ్చ, ఎరుపు, మళ్లీ నీలం అనే వరసలో ఉంటాయని చదివి, పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాసి, నీలం ముక్కలన్నీ ఒకదాని కింద ఒకటి పేర్చాను, మిగతా రెండూ అలాగే పేర్చి మూడింటినీ జింప్ అనే ఫొటో ఎడిటర్‌లో రంగు ఫొటోగా కలిపాను. గ్రహం కనిపించింది! మొదటిసారి తెర మీద ఆ మేఘాలు చూసినప్పుడు పక్క బెడ్ అతన్ని నిద్ర లేపి మరీ చూపించాను. కానీ జూమ్ చేస్తే ప్రతి ముక్క దగ్గరా ఒక అతుకు. దక్షిణాన వరసగా తెల్లటి సుడులు ఉంటాయి కదా, ముత్యాల దండ అంటారు, అందులో ఒక సుడి కింది అంచు అతుకు దగ్గర రెండుసార్లు వచ్చింది, గోడకి పోస్టరు ముక్కలు అంటించేటప్పుడు ఒకే గీత రెండు ముక్కల్లోనూ పడినట్టు. లేయర్లు చేత్తో జరిపి ఒక సుడి దగ్గర మూడు రంగులూ సరిపెడితే, పై సుడికి ఒక పక్క ఎర్ర గీత, ఇంకో పక్క నీలం గీత వస్తున్నాయి.

రెండోది రంగుల సంగతి. ఆఫీసులో ఒకరికి చూపిస్తే "ఇవన్నీ ఫొటోషాప్‌లో వేసుకునే రంగులే కదా" అన్నారు. నాకు జవాబు దొరకలేదు, ఎందుకంటే స్లైడర్లు నిజంగానే నా కంటికి బాగుండేదాకా జరిపాను. అప్పటి నుంచి అదే ఆలోచన. నేను చేస్తున్నది ఉన్న ఫొటోని బయటికి తీయడమా, లేనిది గీయడమా?

లాప్‌టాప్ 8 జీబీ ర్యామ్, విండోస్.

కెమెరా_మేస్త్రి

ముందు అతుకుల సంగతి చెప్తా, ఎందుకంటే అది లెక్కతో తేలిపోతుంది. ముక్కల్ని 128కి 128 పేర్చడమే పొరపాటు. జూనో తన చుట్టూ తాను నిమిషానికి దాదాపు రెండుసార్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 12 డిగ్రీలు. నీ ఫైలుతో పాటు వచ్చే మెటాడేటా (ఫొటో వివరాల ఫైలు) తెరిచి ఇంటర్‌ఫ్రేమ్ డిలే, అంటే ఒక ఎక్స్‌పోజర్‌కీ తర్వాతదానికీ మధ్య వ్యవధి చూడు, 0.37 సెకను దరిదాపుల్లో ఉంటుంది. ఆ వ్యవధిలో కెమెరా చూపు 4.4 డిగ్రీలు జరుగుతుంది. మధ్యలో ఒక పిక్సెల్ సుమారు 673 మైక్రోరేడియన్ల కోణం, ఆ డిగ్రీల్ని కూడా మైక్రోరేడియన్లలోకి మార్చి భాగిస్తే 115 పిక్సెళ్లు వస్తుంది. ముక్క ఎత్తు 128, జరిగింది 115. అంటే ప్రతి ముక్కలో 13 పిక్సెళ్లు పక్క ముక్కలో కూడా ఉన్నాయి. నీ సుడి అంచు రెండుసార్లు రావడానికి కారణం ఆ 13 పిక్సెళ్లే. ఒక్కో ముక్కని 115 చొప్పున జరిపి, కలిసే చోట ఒకదాన్నుంచి ఇంకోదానికి మెల్లగా మారేలా కలుపు. తిరిగే వేగం అన్నిసార్లూ సరిగ్గా ఒకటే ఉండదు కాబట్టి 115 దగ్గర అటూ ఇటూ ఒకటి రెండు వేసి చూడు.

ఇక ఎరుపు, నీలం గీతలు. మామూలు కెమెరాలో రంగు ఫిల్టర్లు పిక్సెల్ పిక్సెల్‌కీ మారతాయి, ఇందులో అలా కాదు. సెన్సార్ మీదే అడ్డపట్టీల్లా అతికించారు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఇంకోటి మీథేన్ కోసం 889 నానోమీటర్లది. పక్కపక్క పట్టీల మధ్య దూరం 155 పిక్సెళ్లు. ఒకే ఎక్స్‌పోజర్‌లో మూడు రంగులూ గ్రహం మీద మూడు వేరు వేరు చోట్లని చూస్తాయి, ఒకే చోటు మూడు రంగుల్లోనూ పడాలంటే అంతరిక్షనౌక ఇంకొంచెం తిరగాలి. అందుకే ఒక్కో రంగుకీ పూర్తి పటం విడిగా తయారుచేసి, ఆ తర్వాత 155 చొప్పున జరిపి కలపాలి.

అయినా అన్నిచోట్లా కలవదు, ముందే చెప్తున్నా. ఈ కెమెరా చూపు 58 డిగ్రీల వెడల్పు, లెన్స్ వంపు వల్ల పక్కలకి పోయేకొద్దీ గీతలు వంగుతాయి. ఆపైన అన్నిటికన్నా పెద్ద చిక్కు జూనో వేగం. గ్రహానికి బాగా దగ్గరగా వచ్చినప్పుడు సెకనుకు 58 కిలోమీటర్ల దాకా వెళ్తుంది. ముప్పై ఎక్స్‌పోజర్ల ఫొటో అనుకో, మొదటి ముక్కకీ చివరి ముక్కకీ మధ్య 11 సెకన్లు, అంటే కెమెరా ఆరొందల కిలోమీటర్లు దాటి వెళ్లిపోయింది. కింద మేఘాలు కూడా వంపు తిరిగిన గోళం మీద ఉన్నాయి. రైలు కిటికీలోంచి తీసిన ఫొటోల్ని వరసగా అతికిస్తే దూరపు కొండలు కలుస్తాయి గానీ దగ్గరి స్తంభాలు కలవవు, ఇదీ అంతే. జింప్‌లో లేయర్లు ఎంత జరిపినా ఇది తీరదు.

తీరే దారి స్పైస్ కెర్నల్స్. ఏ క్షణంలో నౌక ఎక్కడుంది, ఎటు తిరిగి ఉంది, లెన్స్ వంపు ఎంత, అన్నీ ఆ ఫైళ్లలో ఉంటాయి, నాసా వాళ్ల నైఫ్ సైటులో ఉచితం. ప్రతి పిక్సెల్ నుంచి ఒక కిరణం వేసి అది గ్రహాన్ని ఎక్కడ తాకిందో లెక్క కట్టి, అక్షాంశ రేఖాంశాల మీద పరిచేస్తే మూడు రంగులూ వాటంతట అవే కలుస్తాయి. పైథాన్ వచ్చు కాబట్టి స్పైసీపై లైబ్రరీతో నువ్వే రాసుకోవచ్చు. లేదంటే గ్రహాల ఫొటోల కోసమే ఉన్న ఐసిస్ సాఫ్ట్‌వేర్‌లో జూనోక్యామ్‌కి ప్రోగ్రాం రెడీగా ఉంది, విండోస్ కాబట్టి అందులోనే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ వేసుకోవాలి. నా మాట వింటే ఒక్కసారైనా సొంతంగా రాయి. రెండు వారాలు పడుతుంది, కానీ ఆ తర్వాత ఏ మిషన్ ఫొటో ఇచ్చినా భయం ఉండదు.

గిండీ_రైలు

ఏ పెరిజోవ్ (జూనో గ్రహానికి బాగా దగ్గరగా వచ్చిన ఎన్నో సారి) ఫొటో అది? 47 తర్వాతివి అయితే చూసి తీసుకోండి. రేడియేషన్ దెబ్బకి కెమెరా పాడవుతూ వచ్చి 56 నాటికి ఫొటోలు దాదాపు అన్నీ చెడిపోయాయి. కెమెరాని హీటరుతో వేడి చేసి చూశారు, 2023 డిసెంబర్ 30న గురుడి చందమామ అయో దగ్గరికి వెళ్లేముందు సరిగ్గా కోలుకుంది. నేర్చుకోవడానికి మొదటి ఏళ్లవి తీసుకోండి, చారలు మీ ప్రోగ్రాంలో తప్పా, కెమెరాదా అని తల పట్టుకోవాల్సిన పని ఉండదు.

పాలపుంత_పద్దు

తమ్ముడూ, రంగుల గురించి నేను చెప్తాను. ఆఫీసులో అన్నమాటకి బాధపడకు గానీ, అందులో నువ్వు పట్టించుకోవాల్సింది ఒకటుంది. స్లైడర్ ఎందుకు జరిపావో నీకే తెలియకపోతే అవతలివాళ్లకి చెప్పలేవు.

ముందు ముడి ఫైలు ఏంటో చూడు. సెన్సార్ కొలిచింది 12 బిట్లలో, అంటే 4096 మెట్లు. కిందికి పంపేటప్పుడు డేటా తగ్గించడానికి దాన్ని వర్గమూలం పద్ధతిలో 8 బిట్లకి, 256 మెట్లకి నొక్కుతారు. నువ్వు చూస్తున్న బూడిదరంగు అసలు వెలుతురుకి నేరుగా సమానం కాదు. ఆ నొక్కుడుని పట్టిక చూసి వెనక్కి విప్పాలి, అప్పుడే రంగులు కలపాలి. విప్పకుండా కలిపితే చీకటి భాగాలు అసలుకన్నా వెలుగ్గా వస్తాయి, ఆ తేడా పోగొట్టడానికి స్లైడర్లు లాగుతూనే ఉంటావు. తర్వాత మూడు ఫిల్టర్ల సున్నితత్వం ఒకటి కాదు, దానికి తగ్గ గుణకాలు వెయ్యాలి. తర్వాత సూర్యుడి వెలుగు ఏటవాలుగా పడే చోట గ్రహం మసకగా ఉంటుంది, కెమెరా_మేస్త్రి గారు చెప్పిన స్పైస్ లెక్క చేశాక అక్కడ వెలుగు కోణం కూడా తెలుస్తుంది కాబట్టి దాన్నీ సరిచేయొచ్చు.

ఇవన్నీ చేశాక వచ్చే గురుడు ఎలా ఉంటాడో తెలుసా? పాలు ఎక్కువైన టీ రంగు. లేత గోధుమ, మీగడ తెలుపు, అక్కడక్కడా ఇటుక ఛాయ. మనం నెట్‌లో చూసే ముదురు నీలాలు, నారింజలు కాంట్రాస్ట్ పెంచితే వచ్చినవి. అది అబద్ధం కాదు, ఆ తేడాలు డేటాలో ఉన్నవే, కంటికి ఆనేంత పెంచారు అంతే, సుడి లోపలి మెలికలు అలా పెంచితేనే అర్థమవుతాయి. నేనైతే ప్రతి ఫొటోకీ రెండూ పెడతాను, అసలు రంగుకి దగ్గరగా ఉన్నదొకటి, పెంచినదొకటి. కింద ఏ ఫైలు, ఏమేం చేశాను అని నాలుగు లైన్లు రాస్తాను. ఎవరైనా అదే ఫైలు తీసుకుని అవే పనులు చేస్తే అదే ఫొటో రావాలి. వస్తే అది ఫొటో, రాకపోతే బొమ్మ.

ఒక్కటి మాత్రం వద్దు. ఏఐతో పెద్దది చేసే టూల్స్ ఉన్నాయి కదా, వాటి జోలికి పోవద్దు. మేఘాల మధ్య లేని పోగుల్ని అల్లి పెడతాయి, చూడ్డానికి అద్భుతంగా ఉంటాయి, అక్కడ అలాంటిది ఏదీ లేదు. ఈ కెమెరాని జూనో మీద పెట్టిందే ముఖ్యంగా జనం కోసం. ముడి ఫొటోలు అందరికీ ఇచ్చేసి ప్రాసెస్ చేయమన్నారు. నమ్మి చేతికిచ్చిన దాంట్లో లేనిది కలపకూడదు.

వేళచ్చేరి_వెన్నెల

బ్రదర్, పైన చెప్పినవన్నీ కరెక్టే కానీ మొదటి మెట్టుకే జూనోక్యామ్ అంటే ఈత నేర్చుకోవడానికి నడిసముద్రంలోకి దిగడమే. శని చుట్టూ తిరిగిన కాసిని నౌక ఫొటోల మీద మొదలుపెట్టండి. 1024కి 1024 చదరపు ఫొటోలు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లతో వెంటవెంటనే తీసినవి మూడు వెతుక్కుంటే ఒక్క సాయంత్రంలో శని రంగుల్లో వచ్చేస్తాడు. ఓపస్ అనే సెర్చ్ పేజీలో ఫిల్టర్ పేరుతో వెతకొచ్చు. ముడి జేపెగ్‌లు మాత్రం తీసుకోకండి, వాటిలో ఒక్కో ఫొటోకీ కాంట్రాస్ట్ విడివిడిగా లాగేసి ఉంటుంది, మూడూ కలిపితే వచ్చే రంగుకి అర్థం ఉండదు. నాసా డేటా భాండాగారం పీడీఎస్‌లో ఉన్న అసలు డేటా తీసుకోండి.

ఇంకో మాట, మీరు బెంగళూరులో ఉండి మన చంద్రయాన్ డేటా ముట్టుకోలేదా? చంద్రయాన్-2 ఫొటోలు మీ ఊరి పక్కనే బ్యాలాలులో ఉన్న ఇస్రో డేటా సెంటర్ వాళ్ల ప్రదాన్ పోర్టల్‌లో ఉన్నాయి, రిజిస్టర్ అయితే చాలు. అందులోని ఓహెచ్ఆర్‌సీ కెమెరా అయితే 100 కిలోమీటర్ల ఎత్తు నుంచి ఒక్కో పిక్సెల్ 25 సెంటీమీటర్లు. 12,000 పిక్సెళ్ల వెడల్పు, పొడుగు అంతకు ఎన్నో రెట్లు. 8 జీబీ లాప్‌టాప్‌లో జింప్‌తో తెరిస్తే బిగుసుకుపోతుంది, పక్కనున్న ఎక్స్ఎంఎల్‌లో కొలతలు చూసి నంపైలో మెమరీ మ్యాప్ పెట్టి కావాల్సిన ముక్క మాత్రమే కోసుకోండి. మొదటిసారి నేను కోసిన ముక్కలో అన్నీ గుట్టలే కనిపించాయి, బోర్లించిన గిన్నెల్లా. అరగంట తర్వాత తలకిందులు చేస్తే అవన్నీ గుంటలు. వెలుగు కింది నుంచి పడితే కన్ను అలా మోసపోతుంది, ముందు సూర్యుడు ఏ వైపు ఉన్నాడో చూసుకోండి.

మా చెన్నై ఇంజినీరు షణ్ముగ సుబ్రమణియన్ గారి సంగతి తెలిసే ఉంటుంది. విక్రమ్ ల్యాండర్ 2019 సెప్టెంబర్‌లో పడిపోయాక, చంద్రుడి చుట్టూ తిరిగే నాసా నౌక ఎల్ఆర్‌ఓ తీయగా విడుదల చేసిన ఫొటోని ఆ చోటుకి సంబంధించిన పాత ఫొటోలతో పక్కపక్కన పెట్టి వెతికారు. దొరికింది ఒకే ఒక్క వెలుగు పిక్సెల్. డిసెంబర్‌లో నాసా నిర్ధారించి ఆయన పేరు వేసింది. ఆ పిక్సెల్‌ని ఎవరైనా నాయిస్ అనుకుని నునుపు చేసేసి ఉంటే ఏం మిగిలేది? నాయిస్ తీసే ఫిల్టర్ వేసే ప్రతిసారీ నాకు అదే గుర్తొస్తుంది.

నడిరాత్రి_నక్షత్రం

అందరికీ పేరుపేరునా థ్యాంక్స్. నిన్న రాత్రి కూర్చుని 115 పెట్టి చూశాను, నా ఫైలుకి 114 ఇంకా బాగా కుదిరింది. మధ్యలో సుడి అంచు ఒక్కటే అయింది! మేస్త్రి గారు చెప్పినట్టే పక్కలకి పోయేకొద్దీ ఇంకా తేడా ఉంది. 155 జరిపాక గీతలు చాలావరకు పోయాయి, పై కొసన మాత్రం ఉన్నాయి.

అక్కా, నొక్కుడు విప్పి స్లైడర్ ముట్టకుండా ఒకటి చేశాను. మీరన్న టీ రంగే వచ్చింది. ఊళ్లో నాన్నకి వాట్సాప్‌లో పంపితే ఫోన్ చేసి "ఇది నేలా, మబ్బా?" అని అడిగారు. అంతా మబ్బేనని, నిలబడటానికి కింద నేలే లేదని చెప్తే కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఇంకోటి పంపమన్నారు.

ఇప్పుడు స్పైస్ కెర్నల్స్ దిగుతున్నాయి. మెటాకెర్నల్ (ఏయే కెర్నల్ ఫైళ్లు కావాలో చెప్పే జాబితా) లోడ్ చేస్తే ఏదో ఎర్రర్ ఇస్తోంది, ఫైళ్లన్నీ ఫోల్డర్‌లోనే ఉన్నాయి మరి.

కెమెరా_మేస్త్రి

విండోస్‌లో ఫోల్డర్ లోపల ఫోల్డర్ పెట్టి ఉంటావు, పాత్ పొడుగైపోయి ఉంటుంది. మెటాకెర్నల్‌లో కొటేషన్ల మధ్య 80 అక్షరాలు దాటితే తీసుకోదు. ఫైళ్లన్నీ సీ డ్రైవ్‌లో చిన్న పేరున్న ఫోల్డర్‌లోకి మార్చు, లేదా లైను చివర ప్లస్ గుర్తు పెట్టి రెండో లైనుకి విడగొట్టు. అప్పటికీ రాకపోతే ఎర్రర్ ఉన్నదున్నట్టు ఇక్కడ పెట్టు.