మొనోకసీ యుద్ధం: ఓడిపోయినవాళ్లు వాషింగ్టన్‌ను ఎలా కాపాడారు?

ప్రశ్న: మేం మేరీలాండ్‌లో క్లార్క్స్‌బర్గ్‌లో ఉంటాం. ఫ్రెడరిక్ వెళ్లే దారి పక్కన మొనోకసీ యుద్ధభూమి ఉందట. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యం అక్కడ ఓడిపోయింది కదా, మరి రాజధానిని కాపాడిందని ఎందుకంటారు? పదేళ్ల మా అబ్బాయికి చూపించడానికి ఏమైనా ఉంటుందా?

జవాబు: పక్కన కాదండీ, ఐ-270 హైవేని ఆ పొలాల మధ్యలోంచే వేశారు. 1864 జూలైలో ఉత్తరాది జనరల్ గ్రాంట్ సైన్యం చాలావరకు వర్జీనియాలోని పీటర్స్‌బర్గ్ దగ్గర ఉంది, వాషింగ్టన్ కోటల్లో సరిపడా మనుషుల్లేరు. అది చూసుకుని దక్షిణాది జనరల్ జూబల్ ఎర్లీ సుమారు 15 వేల మందితో వచ్చాడు. ఎదురు నిలిచిన ఉత్తరాది జనరల్ ల్యూ వాలెస్ దగ్గర ఆరు వేల మంది కూడా లేరు. పైనుంచి ఆర్డర్ లేకపోయినా తనంతట తానే వెళ్లి మొనోకసీ నది దగ్గర కాపు కాశాడు.

మాది వ్యవసాయ కుటుంబం, అందుకే నాకు ఆ చేల సంగతే ఎక్కువ పట్టింది. జూలై 9న థామస్ పొలంలో ఉత్తరాది సైనికులు కంచె వెనక నక్కి కూర్చున్నారు. గుర్రాలు దిగిన దక్షిణాది రౌతులు మొక్కజొన్న చేలో నడిచి దగ్గరికి వచ్చేదాకా ఆగి, ఒక్కసారిగా కాల్చారు. మధ్యాహ్నం దక్షిణాది జనరల్ గోర్డన్ దళం వచ్చింది. కోత అయిపోయి గోధుమ కుప్పలు నిలబెట్టి ఉన్నాయి. కంచెలు దూకుతూ, కుప్పలు తప్పించుకుంటూ వరసలు చెదిరిపోయాయి. చివరికి గెలిచింది వాళ్లే. వాలెస్ దాదాపు 1,300 మందిని పోగొట్టుకుని బాల్టిమోర్ వైపు వెనక్కి తగ్గాడు. కానీ ఎర్లీకి ఒక రోజు పోయింది. 11న వాషింగ్టన్ కోటల్లో ఒకటైన ఫోర్ట్ స్టీవెన్స్ చేరేసరికి గ్రాంట్ పంపిన సాయం పడవల్లో దిగుతోంది.

ఇంకో జవాబు: ఆ పొలాల్లో చాకిరీ చేసినవాళ్ల మాట కూడా అబ్బాయికి చెప్పండి. మేరీలాండ్ ఉత్తరాది పక్షానే ఉన్నా అప్పటికి అక్కడ బానిసత్వం చట్టబద్ధమే. ఆ ఏడాది నవంబర్ 1న గానీ రద్దు కాలేదు. ఆ యుద్ధభూమిలోనే ఇప్పుడు బెస్ట్ ఫార్మ్ అనే పొలం ఉన్నచోట 1800 జనాభా లెక్కల్లో 90 మంది బానిసలున్నారు. వాళ్ల ఇళ్ల పునాదులు తవ్వకాల్లో బయటపడ్డాయి. నాకైతే ఫిరంగుల కన్నా అదే ముఖ్యం.

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్స్ అండీ. పిల్లాడితో అయితే ముందు ఎక్కడికి వెళ్లాలి?

మొదటి జవాబు ఇచ్చినవారు: వర్తింగ్టన్ పొలానికి వెళ్లండి. ఆ ఇంటి ఆరేళ్ల పిల్లాడు గ్లెన్, నేలమాళిగ కిటికీకి కొట్టిన చెక్కల సందుల్లోంచి యుద్ధమంతా చూశాడు. పెద్దయ్యాక జడ్జి అయ్యి, ఈ చోటును కాపాడాలని ఏళ్ల తరబడి తిరిగాడు. 1934లో అమెరికా కాంగ్రెస్ (పార్లమెంటు) ఒప్పుకుంది. ఇల్లు ఇప్పటికీ ఉంది, చుట్టూ నడిచే బాటలున్నాయి. ఎండాకాలం అయితే పొద్దున్నే వెళ్లండి, నీళ్లు మరిచిపోకండి.