షాక్ రాక్ మూలాల గురించి తెలిసినవారు కాస్త సాయం చేయగలరా?

నమస్కారం. వచ్చే నెల మా మిత్రుల దగ్గర షాక్ రాక్ (భయపెట్టే వేషాలతో, వేదిక మీద విస్తుగొలిపే చేష్టలతో సాగే రాక్ సంగీతం) గురించి ఒక గంట మాట్లాడాలి. ఆ పేరు వినగానే అందరికీ అమెరికన్ రాక్ గాయకుడు ఆలిస్ కూపరే గుర్తొస్తాడు. నాకేమో కథ స్క్రీమిన్ జే హాకిన్స్‌తో మొదలైందనిపిస్తోంది.

ఒపెరా గాయకుడు కావాలని కలలుగన్న నల్లజాతి అమెరికన్ ఆయన. 1956లో 'ఐ పుట్ ఎ స్పెల్ ఆన్ యూ' పాటను అరుపులతో, మూలుగులతో రికార్డు చేశాడు. తర్వాత రేడియో డీజే అలన్ ఫ్రీడ్ ప్రోద్బలంతో శవపేటికలోంచి లేచి పాడటం మొదలుపెట్టాడు. చేతికర్రకు ఒక పుర్రె, దాని పేరు హెన్రీ! పేటికలో పడుకోవడం మొదట ఆయనకు అస్సలు ఇష్టం లేదట. చివరికి ఆ వేషమే మిగిలింది, అంత గొప్ప గొంతు వెనక్కి పోయింది. తలచుకుంటే బాధేస్తుంది.

బ్రిటన్‌లో స్క్రీమింగ్ లార్డ్ సచ్ కూడా పేటికలోంచే వచ్చేవాడు. 1968లో ఆర్థర్ బ్రౌన్ ముఖానికి రంగులు పూసుకుని, తల మీద మంటలతో 'ఫైర్' పాడాడు. కూపర్ వేదిక మీద వాడిన గిలటిన్ (తల నరికే యంత్రం), కిస్ అనే రాక్ బృందం రంగుల ముఖాలు ఆ తర్వాతివే.

హాకిన్స్ ప్రభావం కూపర్ మీద నేరుగా పడిందా, బ్రౌన్ ద్వారా చేరిందా? దీని గురించి వాళ్లే మాట్లాడిన ఇంటర్వ్యూలు ఎక్కడ దొరుకుతాయి? పారిస్‌లో 1962 దాకా నడిచిన గ్రాఁ గిన్యోల్ భయానక నాటకశాలకూ దీనికీ ఉన్న సంబంధం మీద మంచి పుస్తకం ఏదైనా ఉంటే చెప్పండి, ఇంగ్లీషులో ఉన్నా ఫర్వాలేదు.