లైవ్‌వెల్‌లో (పడవలో చేపల్ని బతికించి ఉంచే నీళ్ల తొట్టి) పెద్ద బాస్ చేప వెల్లకిలా తేలిపోతోంది, ఏం చేయాలి?

టెక్సస్‌లో బాస్ పట్టేవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. లేక్ ఫోర్క్‌లో ఫిబ్రవరిలో 28–30 అడుగుల లోతు నుంచి తీసిన లార్జ్‌మౌత్ బాస్, ముఖ్యంగా 6 పౌండ్లు దాటినవి, లైవ్‌వెల్‌లో వేసిన పది నిమిషాలకే ఒక పక్కకి ఒరిగి, తర్వాత వెల్లకిలా తేలుతున్నాయి. మొప్పలు ఆడుతూనే ఉంటాయి, తోక కొట్టి కిందికి దిగాలని చూస్తాయి, మళ్లీ బెండులా పైకొచ్చేస్తాయి, పొట్ట ఉబ్బి ఉంటుంది. 10 అడుగుల లోపు దొరికినవాటికి ఈ గొడవే లేదు, కాబట్టి లోతు నుంచి పైకి రాగానే చేప లోపలి గాలితిత్తి ఉబ్బిపోయే సమస్యే అనుకుంటున్నా.

ఏరేటర్ (నీళ్లలోకి గాలి పంపేది) ఆపకుండా నడిపాను, సరస్సు నీళ్లే (53 ఫారెన్‌హీట్) పంపుతో మారుస్తూ ఉన్నాను. ఏమీ తేడా లేదు.

జనవరి 1 నుంచి మార్చి 31 లోపు 13 పౌండ్లు, ఆపైన చేప పడితే షేర్‌లంకర్ (పెద్ద బాస్‌ల కోసం టెక్సస్ రాష్ట్రం నడిపే కార్యక్రమం) వాళ్లు బ్రీడింగ్‌కి తీసుకుంటారు కదా, అంత అదృష్టం పడితే మాటే లెండి, వాళ్లు వచ్చేదాకా అది బతికుండాలి. సూది గుచ్చి గాలి తీయాలంటే భయం, లోపల ఏదైనా తెగితే అంతే సంగతులు. రెక్కలకు క్లిప్‌తో తగిలించే బరువులు ఉన్నాయంటున్నారు. వాటితోనే పెద్ద చేపను రెండు మూడు గంటలు నిటారుగా ఉంచినవాళ్లు ఎవరైనా ఉంటే, ఏ రెక్కకు ఎంత బరువు పెట్టారు?